ఊటీ అనుకుని కూనూరులో దిగాం

మా ఇంట్లో ఊటీ మాట ఎత్తింది మా ఆడపడుచు, అదీ సంక్రాంతి నాడు. మగవాళ్లంతా బరుల దగ్గర ఉన్నారు, మేం ఆడవాళ్లం అరిసెలు ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాం. "వదినా, ఈ ఎండాకాలం పిల్లల్ని వేసుకుని ఊటీ పోదామా?" అంది. పోదాం అన్నాను. పండగ పూట అనుకున్న మాటలు కనుమ దాటాక ఎవరికి గుర్తుంటాయిలే అనుకున్నాను గానీ, పక్కనే పిల్లలు విన్నారు. ఇక అంతే, రోజూ "ఊటీ ఎప్పుడమ్మా" అని ప్రాణం తీశారు. ప్లాన్ చేసే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే మా ఇంట్లో ఫోన్‌లో రైలు టికెట్లు తీయడం వచ్చింది నాకొక్కదానికే.

మాది భీమవరం వైపు, ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. చుట్టూ వరిచేలు, చెరువులు. ఎత్తు అనేదే లేదు, మా కాలవలో నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియాలంటే గుర్రపుడెక్క ఎటు కదులుతుందో చూసి చెప్పాలి. మా పిల్లలు ఎక్కిన కొండ ఏదైనా ఉందంటే ద్వారకా తిరుమల, అదీ బస్సులో. మొత్తం ఎనిమిది మందిమి తేలాం: మేం నలుగురం, అత్తయ్యగారు, ఆడపడుచు, వాళ్లాయన, వాళ్లబ్బాయి. ఆడపడుచు భర్త నాకు అన్నయ్యగారు, స్కూల్లో సోషల్ చెబుతారు, కాబట్టి మేం ఏ ఊరు వెళ్లినా ముందు దాని చరిత్ర వినాలి.

తేదీ దగ్గరే మొదటి పేచీ. ఏప్రిల్ ఆఖరు దాకా పిల్లలకి బడి. మే నెల అనగానే అత్తయ్యగారు అడ్డం పడ్డారు, ఆవకాయ పెట్టకుండా ఇల్లు కదిలేది లేదన్నారు. కాయ రావాలి, ముక్క కొట్టించాలి, కలపాలి, మూడోనాడు తిరగ కలపాలి, జాడీలకెత్తి వాసెన కట్టాలి. "మీరెళ్లి రండమ్మా, నేనుంటాను" అంటారు, ఆవిడ లేకుండా వెళితే ఏడాదంతా వినాలి. అది తేలింది అనుకుంటే మా ఆయనకి రొయ్యల చెరువు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, మే ఆఖరి వారం, ఆ లోపల ఒక్క రాత్రి కూడా చెరువు వదిలి రారు, కరెంటు పోయి నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు చచ్చి తేలిపోతుంది. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆవకాయ తీసేసి, పట్టుబడి తీసేసి, బడి తీసేస్తే మిగిలింది జూన్ మొదటి వారం. మేం తేదీ ఎంచుకోలేదు, మిగిలిందది.

ఆ మిగులు మాకు ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది. మే నెలలో ఊటీ బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన ఉంటుంది, ఆ రోజుల్లో గదుల రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. నేను అడిగిన ఒక చోట మేలో 5,500 చెప్పిన గదే జూన్‌లో 2,800.

గదుల సంగతి వచ్చింది కాబట్టి నా బుద్ధి తక్కువ పని కూడా చెప్పేస్తాను. మొదట ఊటీలోనే చూశాను. ఒక కాటేజీ ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాను, ముందు పచ్చిక, వెనకాల లోయ, కిటికీలో పొగమంచు. ఫోన్ చేస్తే ఎవరో చక్కగా మాట్లాడారు, అడ్వాన్స్ 3,000 ఇవ్వమంటే అప్పటికప్పుడు ఫోన్‌లోనే కొట్టేశాను. రెండు రోజుల తర్వాత అవే ఫొటోలు ఇంకో రెండు పేర్లతో కనిపించాయి. ఒకదాంట్లో అయితే అది కొడైకెనాల్! మళ్లీ ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తరు. ఆ మూడు వేలు పోయినట్టే. మా ఆయనకి ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు. అప్పటి నుంచి ఒకటి నేర్చుకున్నాను, హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు కాదు, దిగినవాళ్లు పెట్టిన ఫొటోలు చూడాలి, వంకరగా తీసినవీ, బాత్రూమ్‌వీ, అవే నిజం.

ఇంకొకటి, ఇది మనలాంటి చదునునేల వాళ్లకి తట్టదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని ప్రతి చోటా "గ్రౌండ్ ఫ్లోర్ ఉందా" అని అడిగేదాన్ని. ఉందండీ అనేవాళ్లు. అబద్ధం కాదు, ఉంది. కానీ కొండ ఊళ్లో రోడ్డు పైన ఉంటుంది, ఇల్లు కింద ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ అంటే రోడ్డు నుంచి నలభై మెట్లు దిగాలన్న మాట! ఒకాయన మాటల్లో ఈ సంగతి బయటపెట్టాక నా ప్రశ్న మార్చాను: "కారు ఆగే చోటు నుంచి మంచం దాకా మెట్లు ఎన్ని?" నవ్వేవాళ్లు గానీ చెప్పేవాళ్లు.

ఆ మెట్ల వేటలోనే కూనూరు దొరికింది. అక్కడ ఒకావిడ ఇంటి కింది భాగం అద్దెకిస్తారు, నా ఇంగ్లీషూ ఆవిడ ఇంగ్లీషూ కలిసి ఎలాగో బండి నడిచింది. పదకొండు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ ఉంది, వేడినీళ్లు ఎప్పుడైనా వస్తాయి అన్నారు. జూన్‌లో వానలు కదండీ అని నేను గొణిగితే, నైరుతి వానలు ఊటీ వైపు ఎక్కువ కొడతాయి, కూనూరు తూర్పు వాలు మీద ఉంది, మా అసలు వానాకాలం అక్టోబర్ నుంచి డిసెంబర్, కొండచరియలు విరిగి రైలు ఆగిపోయేది ఎక్కువగా అప్పుడే అని చెప్పారు. వెతికి చూస్తే నిజమే. పైగా ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, కూనూరు సుమారు 1,850. చలీ ఆ మేరకు తక్కువ, ఆయాసమూ తక్కువ. రెంటికీ మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే, అంటే భీమవరంలో ఉండి పాలకొల్లు వెళ్లొచ్చినట్టు. ఊటీ పగలు చూసుకుని రాత్రికి కూనూరులో పడుకుంటే ఏం పోయింది? పిల్లలు మాత్రం "ఫ్రెండ్స్‌కి ఊటీ అని చెప్పేశాం" అని ఏడుపు. ఊటీయే అని చెప్పండిరా, ఎవరొచ్చి చూస్తారు అన్నాను.

ఇక రైళ్లు. మా ఆయన ముందు కారులో పోదాం అన్నారు. వెయ్యి కిలోమీటర్ల పైమాటే, అత్తయ్యగారి మోకాళ్లతో కుదరదు అన్నాను. ఏలూరులో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కోయంబత్తూరులో దిగొచ్చు, మా వైపు శబరిమల వెళ్లేవాళ్లకి ఆ బండి బాగా తెలుసు. అయితే నాకు కావలసింది కోయంబత్తూరు కాదు, కొండ కింద ఉన్న మేట్టుపాళయం. చెన్నై సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో బయల్దేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే మేట్టుపాళయంలో దించుతుంది, అక్కడ 7 గంటల 10 నిమిషాలకి కూనూరు మీదుగా ఊటీ వెళ్లే కొండ రైలు. కాబట్టి భీమవరంలో సాయంత్రం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి చెన్నై ఎగ్మోర్‌లో దిగి, పగలంతా అక్కడ మా పిన్నత్తగారింట్లో ఉండి, రాత్రికి సెంట్రల్. పెద్దవాళ్లకి నడుం వాల్చుకునే వీలు దొరుకుతుంది, పూతరేకులు పట్టుకెళితే పిన్నత్తగారూ సంతోషిస్తారు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఇదివరకు 120 ఉండేది, 2024 నవంబర్ నుంచి తగ్గించారు. మా ప్రయాణంలో నాలుగైదు రోజులు, ఒక్కో రోజు ఒక్కో బండి, అంటే ఏప్రిల్ 2 నుంచి 7 దాకా దాదాపు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో సిగ్నల్ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే బాగా వస్తుంది. రోజూ ఏడున్నరకి మేడ ఎక్కడం, కింద నుంచి అత్తయ్యగారు "పాలు పొంగుతున్నాయే!" అని కేకలు. ఇంకో తిరకాసు, ఒక టికెట్ మీద ఆరుగురికి మించి ఎక్కించరు. మేం ఎనిమిది మందిమి. ఆరు ప్లస్ రెండు, రెండోది కొట్టేలోగా బెర్తులు అయిపోతాయేమోనని టెన్షన్. అందుకని ఆడపడుచుని వాళ్లింట్లో ఇంకో ఫోన్‌తో కూర్చోబెట్టాను, నలుగురూ నలుగురుగా.

సర్కార్, నీలగిరి దొరికాయి. ఏప్రిల్ 4న కొండ రైలు. మూడు నిమిషాలు, అంతే. పేర్లు ఎక్కించి డబ్బు కట్టేచోటికి వచ్చేసరికి వెయిటింగ్ లిస్ట్. ఆడపడుచుకీ అదే. మేడ మీదే కూర్చుండిపోయాను. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా సుంకాల కబురు వచ్చి రొయ్య రేటు ఒక్కసారిగా పడిపోయింది, మా ఆయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నేను దిగివచ్చి రైలు దొరకలేదండీ అంటే, "మంచిదే అయింది, ఊటీ లేదు గీటీ లేదు, పిల్లల్ని అంతర్వేది తీసుకెళ్లి రా" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. అలాంటప్పుడు మాట్లాడకూడదు.

ఆ రైలు మీద నాకెందుకంత పంతమో చెప్పాలి. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో వేశారట, ఊటీ దాకా 1908లో పొడిగించారు. 46 కిలోమీటర్లలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కల్లారు అనే స్టేషన్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది, ఇంజన్ కింది పళ్లచక్రం దాన్ని కరుచుకుంటూ ఎక్కుతుంది. కొన్నిచోట్ల 12 అడుగులు ముందుకెళితే ఒక అడుగు పైకి. నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియని ఊరి మనిషికి ఇంతకంటే వింత ఏముంటుంది?

మర్నాడు కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. అందరూ పొద్దున్న ఎక్కే బండికే ఎగబడుతున్నారు. దిగే బండి సంగతి? ఊటీలో మధ్యాహ్నం రెండింటికి బయల్దేరి సాయంత్రం ఐదున్నర దాటాక మేట్టుపాళయం చేరుతుంది. అదే కొండ, అవే సొరంగాలు, ఎక్కడానికి పట్టే ఐదు గంటల బదులు మూడున్నర గంటలు. రాత్రి తొమ్మిది తర్వాత అక్కడి నుంచే చెన్నై బండి. అంటే రోడ్డు మీద ఎక్కి, రైల్లో దిగాలి! జూన్ 5 ప్రయాణానికి ఏప్రిల్ 6న తెరుస్తారు. ఆ రోజు శ్రీరామనవమి. పానకం కలిపి, వడపప్పు నానబోసి, చేతులు తుడుచుకుని మేడ ఎక్కాను. ఎనిమిదీ రెండు నిమిషాలకి నాలుగు, ఆడపడుచుకి నాలుగు. కిందకి దిగివచ్చి దేవుడి ముందు ఇంకో గ్లాసు పానకం పెట్టాను. రాముడికి మా రైలు గురించి పట్టిందో లేదో గానీ, రెండు మూడు రోజులకి అమెరికా వాళ్లు ఆ సుంకాలు కొన్నాళ్లు ఆపారని వార్త వచ్చింది, రేటు కాస్త లేచింది, మా ఆయన మొహంలో రక్తం ఆడింది.

తర్వాత ఈ-పాస్, అంటే కొండెక్కే బండికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి. నీలగిరికీ కొడైకెనాల్‌కీ వెళ్లే బండ్లకి మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఇది పెట్టారు. మేం వెళ్లిన 2025 సీజన్‌లో అయితే జూన్ దాకా రోజుకు 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000, అంతకు మించి పైకి వదిలేవాళ్లు కాదు. డబ్బేమీ తీసుకోరు. ఫోన్ నంబరు, బండి నంబరు, ఎంతమంది, ఎప్పుడు వస్తారు, ఎప్పుడు పోతారు, ఎక్కడ దిగుతారు అని అడుగుతారు. బండి నంబరు లేనిదే పాస్ రాదు, టాక్సీ అతనేమో ఏ బండి వస్తుందో ముందు రోజు చెబుతానంటాడు. గంటసేపు ఫోన్ల మీద ఫోన్లు చేశాక తెలిసిందేమిటంటే, టీఎన్ 43తో మొదలయ్యే నీలగిరి జిల్లా బండ్లకి ఈ బాధ లేదు, సర్కారు బస్సులో వెళ్లేవాళ్లకీ రైల్లో వెళ్లేవాళ్లకీ కూడా లేదు. కూనూరు ఇంటావిడకి చెబితే అక్కడి బండే కిందకి పంపిస్తానన్నారు. అంతే, అయిపోయింది. ఆ గంట నాకు వెనక్కి ఎవరిస్తారు.

అన్నయ్యగారు ఈలోపు తన పని తాను చేశారు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1822లో ఊటీలో రాతి బంగళా కట్టించడంతో ఊరు మొదలైందనీ, తర్వాత ఎండాకాలం వస్తే మద్రాసు ప్రభుత్వం మొత్తం కాగితాలు కట్టుకుని కొండెక్కేదనీ చెప్పారు. "మన గోదావరి జిల్లాలు 1953 దాకా మద్రాసువేగా, మన కాలవల ఫైళ్లు కూడా ఎండలకి ఊటీలో చల్లగా పడుకునేవన్నమాట" అన్నారు. మన ఫైళ్లు వెళ్లాయి, మనం వెళ్లలేదు అని అత్తయ్యగారు.

ఆఖరి దెబ్బ మే నెలాఖరులో. మే 24న కేరళకి రుతుపవనాలు ఎనిమిది రోజులు ముందే వచ్చేశాయి, టీవీ పెడితే నీలగిరికి రెడ్ అలర్ట్. మాకేమో బయల్దేరడానికి వారం. మా ఆయన ఏమీ అనలేదు, టీవీ సౌండ్ మాత్రం పెంచారు. నేను రోజూ కూనూరు ఇంటావిడకి ఫోన్. "రండి, ఇక్కడ చినుకులే" అని ఆవిడ. టికెట్లు రద్దు చేద్దామా వద్దా అని రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి మే 30న ఆవిడ వాళ్ల పెరట్లో ఆరేసిన బట్టల ఫొటో పంపించారు. బట్టలు ఆరుతున్నాయంటే వెళ్లొచ్చు అని నేనే తేల్చేశాను.

స్వెట్టర్ల కథ ఒకటి మిగిలింది. మే నెలలో భీమవరంలో స్వెట్టర్ అడిగి చూడండి తెలుస్తుంది. చలికాలం రోడ్డు పక్కన పెట్టుకుని అమ్మేవాళ్లు తప్ప మాకు ఆ సరుకే ఉండదు. ఒక షాపతను ఎండకి చెమట తుడుచుకుంటూ "ఎవరికండీ?" అని నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి పిల్లలకి బడిలో ఇచ్చిన పాతవి, మా ఆయనకి శబరిమల వెళ్లినప్పటి మఫ్లర్, అత్తయ్యగారికి పోయిన మావయ్యగారి శాలువా. నీళ్లకి మాత్రం స్టీలు సీసాలు కొన్నాను, నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, కొండ కింద చెక్‌పోస్టులోనే చూస్తారు. ఆవకాయ కూడా స్టీలు క్యారియర్‌లోనే ఎక్కింది.

జూన్ 1 సాయంత్రం భీమవరంలో ఎక్కాం, 3న పొద్దున్న మేట్టుపాళయంలో దిగాం. ఘాట్ రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు బోర్డు ఉంటుంది, ఆడపడుచు కొడుకు తొమ్మిదో నంబరు దగ్గర పులిహోర మొత్తం కక్కాడు. వాంతులయ్యే పిల్లలుంటే కొండెక్కేముందు ఏమీ పెట్టకండి, నేను ఆకలేస్తుందని పెట్టాను. కూనూరులో పదకొండు మెట్లు నిజంగా పదకొండే, నేను లెక్కపెట్టాను. సిమ్స్ పార్కులో అత్తయ్యగారు బెంచీ మీద కూర్చుని రెండు గంటలు కదల్లేదు. ఊటీలో జనం జనం, 2,637 మీటర్ల ఎత్తున్న దొడ్డబెట్ట శిఖరం ఎక్కితే పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు, మా ఆయన మాత్రం "ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది" అని ఆ మంచులోనే నిలబడి చెరువు కాపలా కుర్రాడికి ఫోన్ చేశారు. నీలగిరి తైలం నాలుగు సీసాలు కొన్నాం. వాన సాయంత్రాలు పడింది, పడి ఆగింది.

5న మధ్యాహ్నం ఊటీలో రైలెక్కాం. కూనూరులో డీజిల్ ఇంజన్ తీసి ఆవిరి ఇంజన్ తగిలించారు. ఎక్కేటప్పుడు వెనక నుంచి తోసే ఇంజన్ దిగేటప్పుడు ముందుండి బండిని ఆపుకుంటూ పోతుంది. కింద పళ్లచక్రం కటకటమంటూ, సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలన్నీ ఒకటే అరుపులు. మా పిల్లలవే ఎక్కువ. హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో కోతి ఒకటి కిటికీలోంచి జంతికల పొట్లం పట్టుకుపోయింది. దిగేకొద్దీ ఒక్కొక్కరం స్వెట్టర్లు విప్పుతున్నాం. అత్తయ్యగారు శాలువా తీయలేదు, మూడు రోజులుగా తక్కువ మాట్లాడుతున్నారు, చలి పడలేదేమో, రాకుండా ఉండాల్సిందని అనుకుంటున్నారేమో అని నాకు లోపల భయం.

కల్లారు దగ్గర ఆ కటకట ఆగిపోయింది. చదును వచ్చేసింది. రెండు పక్కలా పోక తోటలు, మధ్య మధ్య కొబ్బరి, తేమగా ఉక్కగా గాలి. అమలాపురం దగ్గర ఆవిడ పుట్టిల్లు ఇలాగే ఉంటుంది. అత్తయ్యగారు శాలువా తీసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, కిటికీకి జరిగి, చాలాసేపు చూశారు.

"ఏమ్మా, ఇక్కడ కొబ్బరికాయ ఎంతకి పోతోందో ఎవరినైనా అడుగు" అన్నారు.